ఎడమచేతి బొటనవేలు

ఒక ఈల వినిపించింది. రెండోది వినిపించలేదు. బెణికిన కాలు చాపుకుని, రాయికి వీపు ఆనించి, ఒళ్ళో సంచి పెట్టుకుని ఆమె రెండో ఈల కోసం చెవులు రిక్కించుకుని కూర్చుంది. ప్రతి గుర్తు దగ్గరా ఒక ఈల ఊదుతాను వదినా, మొత్తం పదకొండు, లెక్కపెట్టుకుంటూ కూర్చో, పదకొండోది వినిపించిందంటే పసుపు గీత దగ్గరికి చేరిపోయినట్టే, అక్కడ అసలు దారి ఎటు పోయిందో చూసుకుని నీకోసం వెనక్కి వస్తాను అని చెప్పి వెళ్ళింది పిట్ట. పిట్ట అంటే ఆడపడుచు, మొగుడికి చెల్లెలు, యాభై ఎనిమిదేళ్ళ మనిషి. మనిషి పిట్టంతే ఉంటుంది కాబట్టి చిన్నప్పుడెవరో పెట్టిన పేరు, అదే ఉండిపోయింది. మొదటి ఈల పిట్ట వెళ్ళిన నిమిషంలోపే వినిపించింది, దగ్గరగా, గట్టిగా. ఆమె ఒకటి అనుకుని చిటికెనవేలు మడిచింది. రెండో వేలు మడవడానికి సిద్ధంగా పెట్టుకుంది. ఆ వేలు అలాగే ఉంది. ఎదురుగా మూడడుగుల దాకా నేల ఉంది, ఆ తర్వాత లేదు. అంటే ఉండే ఉంటుంది, పొగమంచు కప్పేసింది, అంతే. కానీ కనిపించని నేల ఉన్నట్టా లేనట్టా? బట్టయితే వేళ్ళతో తడిమి చెప్పేది. నేల సంగతి ఆమెకేం తెలుసు, నలభై ఏళ్ళు కుట్టుమిషను ముందు కూర్చున్న మనిషికి.

మర్చిపోయుంటుంది. లేదా చెప్పులో రాయి పడిందని ఆగి ఉంటుంది, ఎక్కడ కూర్చోవాలా అని చూసుకుంటూ ఉంటుంది. కాదు, పిట్ట మర్చిపోయే రకం కాదు. ముప్పై ఏళ్ళు ఉత్తరాలు పంచింది, ఒక్క ఉత్తరం తప్పుడు గుమ్మంలో వెయ్యలేదని పదవీ విరమణ రోజున పోస్టుమాస్టరే మైకులో చెప్పాడు. చిరునామాలో ఒక అంకె చెరిగిపోతే ఆ వీధంతా తిరిగి, తలుపు తలుపూ తట్టి మనిషిని పట్టుకునేది గాని, ఏదో ఒక ఇంట్లో పడేసి చేతులు దులుపుకునేది కాదు. ఆ ముప్పై ఏళ్ళూ అవే పద్నాలుగు వీధులు, పొద్దున ఎక్కడ మొదలుపెడితే మధ్యాహ్నానికి అక్కడికే. అందుకే రిటైరైన మర్నాడే వచ్చి మిషను పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది. మొదలుపెట్టిన చోటికి తిరిగి రాని నడక ఒక్కటి నడవాలని ఉంది వదినా, కొండల మీద ఇరవై రోజుల దారి ఉందట, రాళ్ళ మీద పసుపు గీతలు గీసి ఉంటాయట, వాటిని పట్టుకుపోవడమే, వస్తావా అంది. నాకెందుకే కందకు లేని దురద, దారాలు దింపుకోవడానికి స్టూలెక్కితేనే కళ్ళు తిరుగుతాయి నాకు అంటే, పిట్ట మిషను తొక్కుడు పలక వైపు చూపించి, దీన్ని తొక్కినంత దూరం రోడ్డు మీద తొక్కుంటే ఈపాటికి భూమి చుట్టి వచ్చేదానివి, నువ్వు నడవలేవా అంది. అంతే, ఆ మాటకి పడిపోయింది. పొగిడితే ఎక్కడికైనా వస్తుంది వదిన అని పిట్టకి పన్నెండో ఏటి నుంచీ తెలుసు.

ఇవాళ తొమ్మిదో రోజు. ఇంకా పన్నెండు కూడా కాలేదేమో, వాచీ చూడాలంటే చెయ్యి ఎత్తాలి, చెయ్యి ఎత్తితే ఈల వినిపించదేమోనని పిచ్చి భయం. పొద్దున ఎంత బాగుంది. ఎనిమిది రోజుల నొప్పులన్నీ కాళ్ళలోంచి కారిపోయినట్టు తేలిగ్గా ఎక్కింది మొదటి ఎక్కుడు, మళ్ళీ లోయలోకి దిగుడు, మళ్ళీ ఎక్కుడు. శిఖరం మీద ఎండలో కూర్చుని రొట్టె, ఉడకబెట్టిన గుడ్డు తిన్నారు. చుట్టూ కొండలు ఇస్త్రీ చెయ్యని బట్టల్లా మడతలు పడి ఉన్నాయి. చూశావా, రానన్నావు అంది పిట్ట. చూశాలే అని ముఖం తిప్పుకుంది ఆమె, కళ్ళలో నీళ్ళు కనపడకుండా. అరవై ఒకటో ఏట ఇంత ఎత్తున కూర్చుంటానని ఎవరైనా చెప్పుంటే నవ్వేది. అక్కడే ఆగిపోయుంటే బాగుండేది. రాత్రి బస చేసిన గుడిసె కాపలాదారు పొద్దున ఒకటికి రెండుసార్లు చెప్పాడు, మంచు దిగితే కదలకండి, పసుపు గీత కనిపించకపోతే అడుగు వెయ్యకండి, ఎక్కడున్నవాళ్ళు అక్కడే కూర్చోండి అని. చెప్పి, మెళ్ళో వేసుకోమని ఒక ఈల కూడా ఇచ్చాడు. మంచు దిగింది. ఆఖరిసారి కనిపించిన పసుపు గీత పక్కనే పది నిమిషాలు కూర్చున్నారు. పిట్టకి కూర్చోవడం చేతకాదు. వానలో, వరదలో ఉత్తరాలు పంచినదాన్ని, ఈ పొగకి ఆగుతానా, కాస్త ముందుకెళ్ళి చూద్దాం, గుర్తులు పెట్టుకుంటూ పోతే పోలా, నీ జేబులో సుద్దబిళ్ళ ఉంటుందిగా వదినా అంది. ఉంటుంది. పెళ్ళికెళ్ళినా, ఆసుపత్రికెళ్ళినా ఉంటుంది. కానీ దర్జీ తన సుద్దని మొత్తంగా ఎవరికీ ఇవ్వడు, ఇస్తే తిరిగి రాదు. రెండుగా విరిచి సగం ఇచ్చింది.

పిట్ట ముందు, ఆమె వెనక. దారంటే దారి కాదు, రాళ్ళ మీద రాళ్ళు, ఎటు చూసినా దారిలాగే ఉంటుంది. కుడిపక్క ఏమీ లేదు, ఎడమపక్క నడుమెత్తు రాళ్ళు. ఆ రాళ్ళ మీద పిట్ట ఒక్కో గీత గీస్తూ, ఒకటి, రెండు అని పైకి లెక్కపెడుతూ పోయింది. ఆమె ఎడమచెయ్యి రాళ్ళ మీద ఆనించుకుంటూ, పిట్ట మడమల మీద తప్ప ఎక్కడా చూడకుండా పోయింది. ఏడో గుర్తు దగ్గర దారి చీలింది. రెండోది గొర్రెలు నడిచే సన్నదారి, కొండ అంచు మీదుగా పోతోంది. పిట్ట ఒక రాయి తీసి అటు విసిరింది. ఇద్దరూ విన్నారు. రాయి పడిన చప్పుడు రాలేదు. ఎంతసేపు నిలబడినా రాలేదు. పిట్ట నవ్వలేదు, అక్కడి బండ మీద ఒకటి కాదు, రెండు గీతలు గీసింది. తిరిగొచ్చేటప్పుడు రెండు గీతలు కనిపిస్తే కుడికి, రాళ్ళ వైపుకి తిరగాలి, గుర్తుపెట్టుకో, గీతలు చూడకుండా తిన్నగా పోయామంటే ఆ రాయి వెంటే మనమూ అంది. అప్పుడే వెనక్కి పోదామనాల్సింది. అనలేదు. పిరికిదంటుందని. తర్వాత ఎనిమిది, తొమ్మిది, పది, పదకొండు. పదకొండోది మనిషంత ఎత్తు బండ మీద చెయ్యెత్తి గీసింది. అది దాటి నాలుగడుగులు వేశారో లేదో, కొండచరియ విరిగి దారి మొత్తం లోయలోకి జారిపోయి ఉంది. అయ్యో అని వెనక్కి తిరగబోయి ఆమె కాలు మడతపడింది.

తలగుడ్డ విప్పి చీలమండకి బిగించి కట్టింది పిట్ట. ఫోను చూసింది, సిగ్నలు లేదు. నువ్వు కూర్చో, నేను నిమిషాల మీద వస్తాను అంది. వెళ్ళింది. ఒక ఈల. ఎంతసేపైంది? ఒక జాకెట్టు చేతులు కుట్టేంతసేపు. కాదు, మెడపట్టీ కూడా అయిపోయేంతసేపు. నోరు ఎండిపోయింది. నీళ్ళు తాగుదామని సంచి తెరిచి సీసా మూత తిప్పుతుంటే, నల్ల సీసా మీద తెల్లటి వేలిముద్ర పడింది. బొటనవేలి ముద్ర. ఆమె సీసా పక్కన పెట్టి వేలు చూసుకుంది. ఎడమచేతి బొటనవేలు. గోరు పక్క సందుల్లోకి, చర్మపు గీతల్లోకి, పిండిలా పట్టేసిన సుద్ద.

సుద్ద విరిచి ఇచ్చినప్పుడు అంటుకుని ఉంటుంది. కాదే, జేబులోనే కుడిచేత్తో కదా విరిచింది, కుడిచేత్తోనే కదా ఇచ్చింది. ఎడమ బొటనవేలికి సుద్ద అంటే ఒక్కటే పని. అది ఆమెకి తెలుసు, ఆమె దగ్గర పని నేర్చుకున్న ప్రతి పిల్లకీ తెలుసు. గీత గియ్యి, కత్తిరించు, కుట్టు, కుట్టాక గీతని బొటనవేలితో రుద్దెయ్. గీత మనకి, బట్ట వాళ్ళకి అనేవారు పని నేర్పిన మాస్టారు, సుద్ద గీత కనిపించే జాకెట్టు ఇస్తే మొహాన కొట్టేవారు. నలభై ఏళ్ళలో ఆ వేలు ఎన్ని వేల గీతలు చెరిపిందో. రేడియో వింటూ, పాలవాడితో మాట్లాడుతూ, మొగుడితో పోట్లాడుతూ కూడా చెరిపేది, ఆమెని అడిగేది కాదు. నడుమెత్తు రాళ్ళు, సరిగ్గా కుట్టుబల్ల ఎత్తు. వాటి మీద తెల్ల గీత. చేతి కిందికి వచ్చిన గీత. వచ్చింది వచ్చినట్టు చెరిపింది. ఇప్పుడు గుర్తొస్తోంది ఆ స్పర్శ, రాయి గరుకు, వేలి కింద మెత్తగా పోయే సుద్ద, పనైపోయిందన్న చిన్న తృప్తి. ఆ భయంలో అదొక్కటే హాయిగా ఉంది, అందుకే పట్టించుకోలేదు. పదకొండోది ఒక్కటే మిగిలింది, ఎత్తుగా ఉంది కాబట్టి, చెయ్యి అందలేదు కాబట్టి. అందుకే ఒక్క ఈల.

పై ప్రాణాలు పైనే పోయాయి. రెండు గీతలు? రెండు గీతలు కూడానా? దేవుడా, అవి వదిలేసి ఉండాలి. రెండు గీతలు పక్కపక్కన ఉంటే మడత కుట్టు అని అర్థం, కుట్టాక జాగ్రత్తగా చెరపాలి, లేకపోతే మడతలోంచి తొంగిచూస్తుంది. జాగ్రత్తగానే చెరిపి ఉంటుంది. ఒకసారి ఇటు, ఒకసారి అటు. అవును. అటూ ఇటూ అని వేలికి గుర్తుంది. పిట్ట ఇప్పుడు ఆ చీలిక దగ్గరికి పోతుంది, గీతలు కనిపించవు, ఇంకా చీలిక రాలేదనుకుని తిన్నగా పోతుంది. ఉత్తరాలు పంచిన ఆ పాదాలతోనే, చకచకా. చిరునామా దొరకకపోతే వెనక్కి తిరిగే మనిషి కాదు, ముందుకే వెతుక్కుంటూ పోయే మనిషి.

ఇంటికెళ్ళి మొగుడికేం చెప్పాలి. మీ చెల్లెల్ని నేను చెరిపేశానని చెప్పాలా? పెళ్ళయిన మూడో రోజున రెండు జడల పిల్ల గౌను పట్టుకుని గది గుమ్మం దగ్గర నిలబడింది, వదినా, పొడుగు చెయ్యవా అని. కింద మడతలో రెండంగుళాల బట్ట దాచి కుట్టింది ఎవరో పుణ్యాత్మురాలు, ఆమె అది విప్పి పొడుగు చేసింది. అప్పట్నుంచి ఆ ఒంటి మీద వేరే దర్జీ చెయ్యి పడలేదు. ఉద్యోగం వచ్చినప్పుడు ఖాకీ చొక్కాలు, వానకోటుకి లోపలి జేబు, అన్నీ. భుజం పద్నాలుగు, చెయ్యి పంతొమ్మిదిన్నర. పదేళ్ళు సంచి మోశాక ఎడమ భుజం అరంగుళం కిందికి జారింది. చెబితే బాధపడుతుందని చెప్పలేదు, ఎడమ భుజం లోపల పల్చటి దూది పెట్టి కుడుతూ వచ్చింది. అద్దంలో చూసుకుని, నీ చేత కుట్టిస్తే మనిషి నిటారుగా కనిపిస్తుంది వదినా అనేది. ఆ దూది ఇప్పుడా చొక్కాలోనే ఉంది. ఆ చొక్కా ఎక్కడుంది?

“పిట్టా!”

గొంతు బయటికొచ్చింది గాని ముందుకి పోలేదు. ఎదురుగా ఉన్న తెలుపు దాన్ని మింగేసింది. మళ్ళీ అరిచింది. మళ్ళీ. అరిచినప్పుడల్లా ఆగి విన్నది. ఏమీ లేదు. ఎక్కడున్నవాళ్ళు అక్కడే కూర్చోండి. కూర్చుంటే ఏమవుతుంది, కూర్చుంటే ఆమెకేమీ కాదు, మంచు తేలిపోతుంది, ఎవరో వస్తారు, అడుగుతారు. లేచింది. కాలు నేల మీద పెట్టగానే నొప్పి తొడ దాకా పాకింది. సంచి వదిలేసింది. కుడి జేబులో మిగిలిన సగం సుద్ద ఉంది. ఆ పిసినారి బుద్ధికి మొదటిసారి దణ్ణం పెట్టుకుంది.

నడవలేదు, కుంటింది, కొంత దూరం కూర్చుని జరిగింది. తిరుగు ప్రయాణంలో రాళ్ళు కుడివైపుకొచ్చాయి, ఖాళీ ఎడమవైపుకొచ్చింది. ఆ వైపు చూడలేదు. చూడకపోయినా ఆ వైపు నుంచి చల్లగాలి చెంపకి తగులుతూనే ఉంది, నేను ఇక్కడే ఉన్నాను అన్నట్టు. పదకొండోది దాటింది. ఆ తర్వాత రాయి రాయీ తడిమింది. రాళ్ళన్నిటి మీదా పాచి తెల్లమచ్చలున్నాయి, ఏది పాచో, ఏది తను రుద్దిన మరకో ఎవరికి తెలుస్తుంది? ఆమెకి తెలుస్తుంది. వాలుగా, కింది నుంచి పైకి, చివర కొంచెం వంపు తిరిగిన మరక. తన చేతిపనిని పోల్చుకోలేని దర్జీ ఉండడు. పదోది దొరికింది. దాని మీద సుద్ద అరిగేలా నిలువునా గీసింది. “పిట్టా!” తొమ్మిది. అక్కడ కాలు జారింది, చిన్న రాళ్ళు దొర్లి ఖాళీలోకి పోయాయి, రాయిని కావలించుకుని కళ్ళు మూసుకుంది. ఇక కదలను, నావల్ల కాదు, చచ్చినా కదలను అనుకుంది. కాసేపు నిజంగానే కదలలేదు. నీళ్ళసీసా అక్కడే మర్చిపోయానే అని ఒక పనికిరాని ఆలోచన వచ్చింది. అది నవ్వొచ్చే ఆలోచన కాబట్టి కళ్ళు తెరుచుకున్నాయి. ఎనిమిది. సుద్ద గోరంత మిగిలింది. ఏడు.

ఏడో బండ మీద రెండు మరకలు, అటొకటి, ఇటొకటి. ఎంత నీటుగా చెరిపింది మహాతల్లి. వాటి మీద మిగిలిన సుద్దంతా అరగదీసి రెండు గీతలు గీసింది. గీశాక గొర్రెలదారి వైపు తిరిగింది, ఇక తిరగక తప్పదు కాబట్టి. తెల్లగా ఉంది. రాయి పడిన చప్పుడు వినిపించని ఆ తెలుపే.

“పిట్టా!”

“వదినా?” గొంతు దగ్గర్నుంచే వచ్చింది, కిందనుంచి, బాగా సన్నగా. “రాకు. అక్కడే ఉండు. ఇక్కడ నేల లేదు.”

బండని పట్టుకుంది. ఉంది. మాట్లాడుతోంది. “ఎక్కడున్నావే?”

“తెలీదు. కాలు జారింది, ఒక రాయి దొరికితే పట్టుకుని కూర్చున్నాను. ఎటు కదిలితే ఏమవుతుందో తెలీట్లేదు.”

“మరి ఈల ఎందుకు ఊదలేదు? మెళ్ళోనే ఉందిగా!”

“గుర్తు కనపడితే ఊదుతానన్నాను. కనపడలేదు. ఊరికే ఊదితే, నేను సరిగ్గా పోతున్నాననుకుని నువ్వు ధీమాగా కూర్చుంటావు కదా.”

ఇంతసేపూ ఆ రాయిని కరుచుకుని, ఈల గుండెల మీదే పెట్టుకుని, అబద్ధం ఊదకూడదని కూర్చుంది. నీ నిజాయితీ తగలెయ్య అని తిట్టింది ఆమె, తిడుతుంటే ఏడుపొచ్చింది. “నేను రెండు గీతల దగ్గరున్నాను. నేను మాట్లాడుతూ ఉంటా, నువ్వు నా గొంతు పట్టుకుని రా. పాక్కుంటూ రా. లేవకు.”

“సరే. మాట్లాడు.”

మాట్లాడమంటే ఏం మాట్లాడాలి? చివరికి కొలతల పుస్తకం గుర్తొచ్చింది. “భుజం పద్నాలుగు,” అని అరిచింది. “చెయ్యి పంతొమ్మిదిన్నర. మెడ పదమూడు. ఛాతీ ముప్పై రెండు, మొన్న ముప్పై మూడు. వింటున్నావా?” రాళ్ళు రాసుకున్న చప్పుడు. ఒక రాయి దొర్లింది. ఆ రాయి కూడా ఎక్కడా పడలేదు. “పిట్టా!”

“ఆపకు వదినా. చెప్పు.”

“నడుము ముప్పై. చొక్కా పొడుగు ఇరవై ఆరు. ఎడమ భుజం అరంగుళం కిందికి.”

“ఎడమ భుజం కిందికా?” గొంతు ఈసారి ఇంకాస్త దగ్గరకొచ్చింది.

“సంచి మోసి మోసి వంగిపోయింది. ఇరవై ఏళ్ళుగా దూది పెట్టి కుడుతున్నా. నీకు చెప్పలేదు.” అదెలాగూ చెప్పేసింది కాబట్టి రెండోది కూడా ఆగలేదు. “గుర్తులు చెరిపింది నేనే. నీ వెనకాలే వస్తూ చెరిపేశాను. తెలిసి కాదు. చెయ్యి చెరిపేసింది.”

రాళ్ళ చప్పుడు ఆగిపోయింది. ఇప్పుడెందుకు చెప్పాను, ఇక్కడికొచ్చాక చెబితే పోయేదిగా, కోపంతో చెయ్యి వదిలేస్తుందేమో, పాపిష్టి నోరు.

“అన్నీనా?” అంది పిట్ట.

“పది. పదకొండోది అందలేదు.”

తెలుపులోంచి ముందు ఒక చెయ్యి వచ్చింది, గోళ్ళ నిండా మట్టి. ఆమె రెండు చేతులతో దాన్ని పట్టుకుని లాగింది, చొక్కా భుజం పట్టుకుని లాగింది, కుట్టు పటపటా తెగిన చప్పుడైంది, దూది బయటికొచ్చింది. ఇద్దరూ రెండు గీతల బండకి ఆనుకుని కూలబడ్డారు. పిట్ట నవ్వుతుందనుకుంది, వదినా, నీ చెయ్యి విరిచెయ్యాలి అని వేళాకోళం ఆడుతుందనుకుంది. ఆడలేదు. “ఇంకొక్క అడుగు వేసుంటే,” అని మొదలుపెట్టి, పళ్ళు టకటకా కొట్టుకుంటుంటే ఆపేసింది. కోపమో, భయమో ఆమెకి తెలియలేదు, అడిగే ధైర్యం లేదు. ఏదైనా న్యాయమే.

పిట్ట తన జేబులోని సుద్దముక్క తీసి ఆమె కుడిచేతిలో పెట్టింది. ఎడమచెయ్యి మణికట్టు దగ్గర పట్టుకుంది, దొంగని పట్టుకున్నట్టు. ఈసారి ముందు ఆమె, వెనక పిట్ట. తన మరకలు తనే వెతుక్కుంటూ ఆరు, అయిదు, నాలుగు. ప్రతి రాయి దగ్గరా ఆగినప్పుడు పిట్ట గీతని వంగి చూసి, సరే అన్నట్టు మణికట్టు నొక్కింది. ఎడమవైపు గాలి అలాగే ఉంది. మూడు, రెండు. ఒకటి ఎంతకీ దొరకలేదు, పొద్దు దాని కోసమే గడిచిపోతుందేమో అనుకుంటుండగా దొరికింది. దాన్నుంచి ఎనిమిది అడుగులు. అక్కడ మోకాలెత్తు రాయి మీద, అరచేతి వెడల్పున, పసుపు గీత.

ఆమె పిట్ట పట్టులోంచి చెయ్యి విడిపించుకుంది. వంగి ఎడమ బొటనవేలితో ఆ గీతని రుద్దింది. పోలేదు. ఉమ్మి తడి చేసి, గట్టిగా, గోరు అరిగేలా రుద్దింది. పోలేదు. పసుపు పొట్టు ఒక్కటి కూడా వేలికి అంటలేదు. అప్పుడు దాని మీద తల ఆనించి ఏడ్చింది.

పిట్ట ఆమె పక్కనే, భుజానికి భుజం తగిలేంత దగ్గర, చిరిగిన చొక్కాతో నిలబడి ఉంది. గీతని ఒకసారి చూసింది. మెళ్ళోని ఈల తీసి నోట్లో పెట్టుకుని, పొడుగ్గా ఊదింది.